చెవి దగ్గర సగం, బల్ల మీద సగం

ఖరీదైన ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లను పోల్చి చూసేవాళ్లు సాధారణంగా రెండు జాబితాలు వేసుకుంటారు. ఒకదాంట్లో హెడ్‌ఫోన్లు: జపాన్‌లోని స్టాక్స్, జర్మనీలోని సెన్‌హైజర్, అమెరికాలోని కాస్, ఆడిజీ కంపెనీలవి. రెండోదాంట్లో వాటిని నడిపే యాంప్లిఫయర్లు. మొదటి జాబితాలో మనసుకు నచ్చినదాన్ని పట్టుకుని, చేతిలో మిగిలిన డబ్బుకు తగ్గ యాంప్‌ను రెండో జాబితాలోంచి తెచ్చుకుంటారు. మామూలు హెడ్‌ఫోన్ల విషయంలో ఈ పద్ధతికి ఢోకా లేదు. అవి ఫోనుకు తగిలించినా పలుకుతాయి, లక్ష రూపాయల యాంప్‌కు తగిలించినా పలుకుతాయి. ఎలక్ట్రోస్టాటిక్ రకానికి వచ్చేసరికి అసలు ఆ రెండు జాబితాల మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే పెద్ద చిక్కు. హెడ్‌ఫోన్ ఎక్కడ ముగుస్తుంది, యాంప్ ఎక్కడ మొదలవుతుంది అన్న సరిహద్దు నూట నలభై ఏళ్లుగా అటూ ఇటూ జరుగుతూనే ఉంది. కొన్నాళ్లు బల్ల మీది పెట్టెలోకి, కొన్నాళ్లు చెవి మీది కప్పులోకి, మళ్లీ బల్ల మీదికి. ఆ చరిత్రను వరుసగా చూస్తే నాకు తేలేది ఇది: ఇవి పుట్టుకతో రెండు వస్తువులు కావు, ఒకటే వస్తువు. దాన్ని రెండుగా కోసింది ఒక ప్లగ్గు. ఆ కోత వల్ల లాభపడ్డవాళ్లున్నారు, నష్టపడ్డవాళ్లున్నారు. పోలికలన్నీ ఆ కోతను దృష్టిలో పెట్టుకునే చెయ్యాలి.

ముందు ఇది పనిచేసే తీరు చూద్దాం. మామూలు హెడ్‌ఫోన్‌లో అయస్కాంతం, దాని నడుమ తీగచుట్ట, చుట్టకు అతికిన పొర ఉంటాయి. చుట్టలో కరెంటు పారితే పొర కదులుతుంది. ఎలక్ట్రోస్టాటిక్‌లో అయస్కాంతమూ లేదు, చుట్టా లేదు. చిల్లులు పొడిచిన రెండు పలకలు, వాటి మధ్య మృదంగం మూతలా బిగదీసిన పల్చని ప్లాస్టిక్ పొర, అంతే. ఆ పొర మందం ఒకటి రెండు మైక్రాన్లు; మన తల వెంట్రుక దీనికి ముప్ఫై నలభై రెట్లు లావు. పొరకు కొన్ని వందల వోల్టుల స్థిరమైన ఆవేశం ఎక్కిస్తారు, దాన్ని బయాస్ అంటారు. పాట తాలూకు సిగ్నల్ పలకలకు వెళ్తుంది. ఒక పలక పొరను లాగుతుంటే రెండోది నెడుతుంది. పాత పిక్చర్ ట్యూబు టీవీ తెర దగ్గర చెయ్యి పెడితే రోమాలు లేచి నిలబడేవి కదా, ఆ బలమే ఇది. రోమాలను లేపగలదు కానీ అంతకు మించి దాని శక్తి పెద్దగా లేదు. ఆ బలహీనతను వోల్టులతో పూడ్చాలి. మామూలు హెడ్‌ఫోన్‌కు ఒక్క వోల్టు ఇస్తే చాలాసార్లు అదే ఎక్కువ. స్టాక్స్ ఎస్‌ఆర్-009 మాత్రం 100 వోల్టులు తీసుకుని 101 డెసిబెల్స్ శబ్దం చేస్తుంది. కరెంటు సంగతి దీనికి పూర్తిగా తిరగబడింది. విద్యుత్తు దృష్టిలో ఈ హెడ్‌ఫోన్ ఒక చిన్న కండెన్సర్, అంతకన్నా ఏమీ కాదు. తీగతో కలుపుకుని 110 పికోఫారడ్లు. ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ నెమ్మదిస్తే మెకానిక్ వచ్చి మార్చే 2.5 మైక్రోఫారడ్ల కండెన్సర్‌లో ఇది దాదాపు ఇరవై రెండు వేలవ వంతు. 10 కిలోహెర్ట్జ్ దగ్గర దీని ఇంపెడెన్స్ 145 కిలో ఓములు. వోల్టులు గంపల కొద్దీ అడుగుతుంది, ఆంపియర్లు చిటికెడు కూడా అడగదు. బజారులో దొరికే యాంప్‌లన్నీ దీనికి సరిగ్గా వ్యతిరేక స్వభావంతో తయారైనవి. ఇంకో మాట. మామూలు హెడ్‌ఫోన్‌కు అయస్కాంతం పుట్టింటి సొత్తు లాంటిది. తన బలక్షేత్రాన్ని తన వెంటే తెచ్చుకుంటుంది. ఎలక్ట్రోస్టాటిక్ వట్టి చేతులతో వస్తుంది. క్షేత్రమూ సిగ్నలూ రెండూ బయటి పెట్టె ఇవ్వాల్సిందే.

వట్టి చేతులతో వస్తే ఏమవుతుందో చరిత్రలో మొదటి ఉదాహరణే చెబుతుంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని టఫ్ట్స్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పిన ఏమస్ డాల్‌బేర్ 1881లో ఒక టెలిఫోన్ రిసీవర్‌కు పేటెంటు పొందాడు. అందులో అయస్కాంతం లేదు. మధ్య సన్నటి గాలి సందు వదిలి రెండు లోహపు బిళ్లలను ఎదురెదురుగా బిగించాడు. చెవికి ఆనించుకుని వినే మొదటి ఎలక్ట్రోస్టాటిక్ సాధనాల్లో ఇదొకటి. అయస్కాంతం లేని ఫోన్ కాబట్టి అలెగ్జాండర్ గ్రాహం బెల్ పేటెంటు తనకు వర్తించదని ఆయన వాదన. వ్యాజ్యం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1888లో కోర్టు, రిసీవర్ ఏ రకందన్నది ముఖ్యం కాదు, మాటను తరంగాల్లాంటి కరెంటుగా మార్చి పంపే పద్ధతే బెల్‌ది అని తేల్చింది. డాల్‌బేర్ ఓడాడు. కోర్టులో గెలిచి ఉన్నా ఆ రిసీవర్ నిలదొక్కుకునేదని నేను అనుకోను. దానికి కావాల్సిన పెద్ద వోల్టేజీ పుట్టించడానికి ఆయన దగ్గర ఉన్నది ఇండక్షన్ కాయిల్ మాత్రమే. వోల్టేజీని పెంచడం ఆ కాయిల్‌కు చేతనవును. శక్తిని పెంచడం చేతకాదు. అటువైపు మాట్లాడే మనిషి గొంతులో ఎంత బలముందో దానితోనే ఇటువైపు బిళ్లలు అదరాలి. అంటే వస్తువులో చెవి దగ్గరి సగం 1881కే తయారు, బల్ల మీది సగం ఇంకా పుట్టలేదు. లీ డి ఫారెస్ట్ ఆడియన్ వాల్వును తెచ్చింది 1906లో. దాన్ని నమ్మకమైన యాంప్‌గా మలచడానికి ఆ తర్వాత మరికొన్నేళ్లు పట్టింది.

వాల్వు చేతికి రాగానే ఎలక్ట్రోస్టాటిక్ సూత్రం ముందుగా కుదురుకున్నది హెడ్‌ఫోన్‌లో కాదు, మైకులో. వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఇంజినీరు ఇ. సి. వెంటే 1917లో వివరించిన కండెన్సర్ మైకు ఇదే యంత్రం, తిరగేసి వాడినది. గాలి పొరను కదిపితే వోల్టేజీ వస్తుంది. ఆ వోల్టేజీ ఎంత నీరసమైనదంటే నాలుగు గజాల తీగ దాటేలోపే ఆవిరైపోతుంది. అందుకని మైకు తయారుచేసినవాళ్లు మొదటి నుంచీ వాల్వును పొర పక్కనే పెట్టారు. 1928లో బెర్లిన్ నుంచి వచ్చిన న్యూమన్ సిఎంవి 3 మైకు సీసా ఆకారంలో ఉండేది, ఆ సీసా లోపల ఉన్నది వాల్వు యాంపే. ఆ రోజు నుంచి ఈ రోజు వరకు స్టూడియోల్లో ఎవరూ మైకు పొరను ఒక జాబితాలో, దాని వాల్వును ఇంకో జాబితాలో వేసి పోల్చలేదు. రెండూ కలిపితేనే మైకు. తోడబుట్టిన ఈ రెండు యంత్రాల్లో ఒకదానికి ఉమ్మడి కాపురం, రెండోదానికి వేరు కాపురం ఎందుకొచ్చాయన్నది నా వాదనకు ఆయువుపట్టు. మైకుకు గత్యంతరం లేదు. హెడ్‌ఫోన్‌కు ఉంది: వందల వోల్టులను రెండు మూడు గజాల తీగలో పంపవచ్చు. నష్టం ఉంటుంది కానీ ప్రాణం పోదు. వీలు దొరికింది కాబట్టి విడదీశారు.

మిగతా ముడిసరుకులు సమకూరడానికి ఇంకో మూడు దశాబ్దాలు పట్టింది. జనరల్ ఎలక్ట్రిక్‌లో చెస్టర్ రైస్‌తో కలిసి 1925లో ఇప్పటి స్పీకర్లన్నిటికీ మూలరూపాన్ని చేసిన ఎడ్వర్డ్ కెలాగే తర్వాత ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్‌కు కూడా పేటెంటు తీసుకున్నాడు. గట్టిగా, పల్చగా, ఏళ్ల తరబడి సాగకుండా ఉండే పొర లేక ఆ దారి అక్కడే ఆగింది. 1950ల్లో డ్యూపాంట్ కంపెనీ మైలార్ పేరుతో అమ్మిన పాలియెస్టర్ పొర ఆ కొరత తీర్చింది. హార్వర్డ్‌లో ఫ్రెడరిక్ హంట్ 1954 నాటి పుస్తకంలో, పొర మీద ఆవేశం మారకుండా పట్టి ఉంచగలిగితే రెండు పలకల మధ్య దాని కదలిక సిగ్నల్‌కు సూటిగా అనుగుణంగా ఉంటుందని లెక్క కట్టి చూపించాడు. ఇంగ్లండులో పీటర్ వాకర్ 1957లో క్వాడ్ ఇఎస్ఎల్ స్పీకర్‌ను అమ్మకానికి పెట్టాడు. అప్పటికే ఆయన కంపెనీ యాంప్‌లకు పేరు పొందింది. యాంప్ చేసేవాడే ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ చెయ్యడం యాదృచ్ఛికం కాదు.

హెడ్‌ఫోన్ వంతు టోక్యోలో వచ్చింది. 1938లో షోవా కోవోన్ కోగ్యో పేరుతో మొదలైన చిన్న సంస్థే తర్వాతి స్టాక్స్. నవోటాకే హయాషీ స్థాపించిన ఈ సంస్థ మొదట చేసినవి కండెన్సర్ మైకులు, గ్రామఫోన్ రికార్డులు చదివే కండెన్సర్ పికప్‌లు. అంటే పొర, ఆవేశం, వాల్వు, ఈ మూడూ కలిసి ఉండే వస్తువులతోనే వాళ్లకు పరిచయం. ఎస్‌ఆర్-1 హెడ్‌ఫోన్‌ను 1959లో ప్రదర్శించి 1960లో అమ్మడం మొదలుపెట్టారు. ప్రపంచంలో బజారుకు వచ్చిన మొదటి ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్ అదే. దాన్ని వాళ్లు హెడ్‌ఫోన్ అనలేదు, ఇయర్‌స్పీకర్ అన్నారు. ఇప్పటికీ అదే అంటారు. ఈ పేరును చాలామంది వ్యాపార చమత్కారమనుకుంటారు. నాకు అందులో నిజాయితీ కనిపిస్తుంది. తొలిరోజుల్లో దాన్ని నడిపిన విధానం స్పీకర్‌దే. ఇంట్లో స్పీకర్లకు వెళ్లే యాంప్ తీగలను ఒక చిన్న పెట్టెకు కలిపితే, అందులోని ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని పెంచి పలకలకు పంపేది. గోడ కరెంటుతోనో, ఆ సిగ్నల్ నుంచే పిండుకునో బయాస్ తయారయ్యేది. 1960ల చివరికల్లా ఎస్‌ఆర్‌ఏ-3ఎస్ లాంటి సొంత వాల్వు యాంప్‌లను కూడా స్టాక్స్ అమ్మింది. అయినా ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెలు చాలా ఏళ్లు చలామణిలో ఉన్నాయి, కారణం ధర.

అమెరికాలో మిల్వాకీ నగరానికి చెందిన జాన్ కాస్ సరిహద్దును ఇంకోవైపు జరిపాడు. 1958లో స్టీరియో హెడ్‌ఫోన్‌ను జనానికి పరిచయం చేసినవాడు ఆయనే. 1968 నాటి కాస్ ఇఎస్‌పి-6లో ట్రాన్స్‌ఫార్మర్లను ఏకంగా ఇయర్‌కప్పుల్లోనే దూర్చాడు. బల్ల మీద ప్రత్యేకమైన పెట్టె అక్కర్లేదు, మామూలు యాంప్‌కు తగిలిస్తే చాలు. ఇనుమూ రాగీ నెత్తిన పెట్టుకుని పాటలు వినడం ఎంతసేపు సాధ్యమో చెప్పనక్కర్లేదు. తర్వాతి మోడల్లో కాస్ కూడా ఆ బరువును బయటి పెట్టెకే మార్చాడు. ఇదే కాలంలో ఇంకో ప్రయత్నం జరిగింది. బెల్ ల్యాబ్స్‌లో గెర్హార్డ్ సెస్లర్, జేమ్స్ వెస్ట్ 1962లో ఎలెక్ట్రెట్ పొరతో మైకు చేశారు. ఆవేశాన్ని ఒకసారి ఎక్కిస్తే శాశ్వతంగా పట్టుకుని ఉండే ప్లాస్టిక్ అది. ఫోన్లలో, టేప్‌రికార్డర్లలో మైకులన్నీ క్రమంగా ఆ దారి పట్టాయి. 1970ల్లో సెన్‌హైజర్, ఏకేజీ, స్టాక్స్ కూడా ఎలెక్ట్రెట్ హెడ్‌ఫోన్లు చేశాయి. బయాస్ పెట్టె అక్కర్లేదు కాబట్టి సగం సమస్య తీరిందనుకున్నారు. తీరింది సగమే. పలకలకు వెళ్లే సిగ్నల్ వోల్టేజీ మాత్రం ఎప్పటిలాగే కావాలి, దానికి ట్రాన్స్‌ఫార్మర్ తప్పలేదు. ఆ రకం హెడ్‌ఫోన్లు నెమ్మదిగా బజారు నుంచి తప్పుకున్నాయి. బల్ల మీది సగాన్ని వదిలించుకోవాలని చేసిన ప్రయత్నాలన్నిటిలోనూ ఇదే తెలివైనది. ఇది కూడా నిలవకపోవడం నా వాదనకు బలమే.

ఇక అసలు కోత. స్టాక్స్ 1979లో ఎస్‌ఆర్-ల్యామ్డా తెచ్చింది. చెవి చుట్టూ నిలిచే నలుచదరపు చట్రం, పెద్ద కోడిగుడ్డు ఆకారపు పొర. ఆ రూపం ఇప్పటికీ వాళ్ల మధ్యశ్రేణి హెడ్‌ఫోన్లలో కనిపిస్తుంది. అప్పటివరకు బయాస్ 230 వోల్టులు. 1982లో ల్యామ్డా ప్రో వచ్చినప్పుడు దాన్ని 580కి పెంచారు. పలకలకూ పొరకూ మధ్య దూరం పెంచితే పొర ఎక్కువ ఊగగలదు, మంద్ర స్వరాలు తాకిడి లేకుండా వస్తాయి. దూరం పెరిగితే బలం తగ్గుతుంది కాబట్టి బయాస్ పెంచి సరిచేశారు. ఇంతవరకు ఇంజినీర్ల లెక్క. పొరపాటున పాత హెడ్‌ఫోన్‌ను కొత్త యాంప్‌కు తగిలిస్తే 580 వోల్టులు దాన్ని చెడగొట్టే ప్రమాదముంది. అందుకే ఆరు పిన్నుల పాత ప్లగ్గు కొత్త సాకెట్‌లో దూరకుండా మధ్య రంధ్రం తీసేసి అయిదు పిన్నులు చేశారు. కొత్త ప్లగ్గు మాత్రం పాత సాకెట్‌లో దూరుతుంది, శబ్దం తగ్గుతుందంతే. పెద్దగా ఆలోచించకుండా చేసిన జాగ్రత్తలా కనిపిస్తుంది. దాని ఫలితం మాత్రం ఊహకందనిది. ఆ తర్వాత నలభై ఏళ్లపాటు స్టాక్స్ ఆ వోల్టేజీని, ఆ అయిదు పిన్నులను మార్చలేదు. ఏ ప్రమాణాల సంస్థా కూర్చుని తీర్మానించలేదు. ఒక చిన్న కంపెనీ మొండితనమే ఈ రంగంలో ప్రమాణమైంది. ఆ క్షణం నుంచి హెడ్‌ఫోన్ ఒకరు, యాంప్ మరొకరు చేసే వ్యాపారానికి తలుపు తెరుచుకుంది.

ఆ తలుపు గుండా జనం రావడానికి కారణం స్టాక్స్ స్వయంగా కల్పించింది. 1991లో సెన్‌హైజర్ ఆర్ఫియస్ పేరుతో హెచ్‌ఇ 90 హెడ్‌ఫోన్‌ను, హెచ్‌ఇవి 90 వాల్వు యాంప్‌ను విడదీయకుండా ఒకే సెట్‌గా అమ్మింది. 300 సెట్లకే పరిమితం. గాజు మీద బంగారు పూత పూసిన పలకలు, ఆ కాలంలో కారు కొనేంత ధర. స్టాక్స్ జవాబు 1993 నాటి ఎస్‌ఆర్-ఒమేగా. దానికి జోడీగా తర్వాత వచ్చిన ఎస్‌ఆర్‌ఎం-టీ2 యాంప్ రెండు పెట్టెల్లో వచ్చేది. ఇఎల్34 వాల్వులు, ట్రాన్సిస్టర్లు కలిసిన ఆ సర్క్యూట్ మరీ సంక్లిష్టం. అది ఎక్కువ రోజులు తయారవలేదు. 1990ల మధ్యలో కంపెనీ దివాలా తీసింది, 1996లో కొద్దిమంది ఉద్యోగులే దాన్ని మళ్లీ నిలబెట్టారు. ఆ చిన్న కంపెనీ 1998లో ఒమేగా వారసుడిగా ఎస్‌ఆర్-007 తెచ్చింది. హెడ్‌ఫోన్ పెద్దది, దానితో అమ్మిన యాంప్ మాత్రం టీ2 స్థాయిది కాదు. 007 మంచి యాంప్ దొరికితేనే నోరు విప్పుతుందన్న మాట వాడేవాళ్లలో స్థిరపడింది. కోరిక ఉంది, ప్లగ్గు అందరికీ తెలిసినదే, అవసరమైన యాంప్ కంపెనీ అమ్మడం లేదు. పరాయి యాంప్ పుట్టడానికి ఇంతకన్నా అనువైన నేల ఏముంటుంది?

అమెరికాలో కెవిన్ గిల్మోర్ 2000 ప్రాంతం నుంచి ఈ హెడ్‌ఫోన్ల కోసం యాంప్ సర్క్యూట్లు గీసి, ఎవరైనా కట్టుకునేలా బయటపెట్టాడు. వాటిలో ఇఎల్34 వాల్వులు వాడే బ్లూ హవాయిని వర్జీనియాలోని హెడ్‌యాంప్ సంస్థ అమ్ముతుంది, ధర 5,000 డాలర్లకు పైనే. గుర్రాన్ని కొన్న ధరకే జీను కొన్నట్టు కనిపించినా, లోపల ఇంజినీరింగ్ భేదం నిజమైనదే. స్టాక్స్ వాల్వు యాంప్‌లలో చాలావాటి చివరి దశలో వాల్వు మీద రెసిస్టర్లు ఉండేవి. వాల్వు పంపే కరెంటులో పెద్ద వాటా ఆ రెసిస్టర్లలోనే వేడిగా కరిగిపోయేది. గండి పడ్డ కాలువలో నీళ్లు పొలం చేరకముందే ఇంకిపోయినట్టు. గిల్మోర్ ఆ స్థానంలో కరెంటును నిలకడగా పట్టి ఉంచే సర్క్యూట్ పెట్టాడు, అప్పుడు వాల్వు ఇచ్చే మార్పు దాదాపు మొత్తం హెడ్‌ఫోన్‌కే వెళ్తుంది. ఈ యాంప్‌ల చరిత్రలో ఒక విడ్డూరం కూడా ఉంది. వందల వోల్టులను తట్టుకునే చిన్న ట్రాన్సిస్టర్లు పిక్చర్ ట్యూబుల తెరలను సరిచెయ్యడానికి తయారైనవి. ఇళ్లలో పెద్ద టీవీలు పోయి పల్చని తెరలు వచ్చేసరికి ఆ ట్రాన్సిస్టర్ల తయారీ ఆగిపోయింది, యాంప్ కట్టుకునేవాళ్లు పాత సరుకు కోసం వెతుకులాటలో పడ్డారు. ఆ ఖాళీలోకి సిలికాన్ కార్బైడ్ మాస్‌ఫెట్ ట్రాన్సిస్టర్లు వచ్చాయి. వాటిని చేసింది ఇన్వర్టర్ల లాంటి భారీ విద్యుత్ పనుల కోసం. కార్బన్ అనే గిల్మోర్ డిజైన్ వాటి మీదే నిలిచింది. పాటలు వినే పెట్టె భవిష్యత్తును ఒకప్పుడు టీవీ ఫ్యాక్టరీలు, ఇప్పుడు ఇన్వర్టర్ ఫ్యాక్టరీలు నిర్ణయిస్తున్నాయన్నమాట.

ఇక్కడ గట్టి అభ్యంతరం ఎదురవుతుంది, దాన్ని తప్పించుకోకూడదు. సరిగా తయారైన యాంప్‌లన్నీ వినడానికి ఒకేలా ఉంటాయి, మిగతాదంతా డబ్బున్నవాళ్ల భ్రమ అంటారు ఇంజినీర్లలో ఒక వర్గం. లెక్క వేసి చూద్దాం. ఎస్‌ఆర్-009కు 100 వోల్టులకు 101 డెసిబెల్స్. ఇంట్లో పాట వినే సగటు స్థాయి 80 డెసిబెల్స్ అనుకుంటే దానికి కావాల్సింది 9 వోల్టులు. అకస్మాత్తుగా తాళం పేలినప్పుడు ఇంకో 20 డెసిబెల్స్ కలుపుకున్నా 90 వోల్టులు. స్టాక్స్ చిన్న యాంప్ ఎస్‌ఆర్‌ఎం-252ఎస్ కూడా 280 వోల్టులు ఇవ్వగలదు. పెద్ద ఎస్‌ఆర్‌ఎం-727 ఇచ్చేది 450. ఆ 90 వోల్టుల వద్ద 10 కిలోహెర్ట్జ్ స్వరానికి పట్టే కరెంటు ఒక మిల్లీ ఆంపియర్‌లో మూడింట రెండు వంతులు కూడా కాదు. కాబట్టి మామూలు బిగ్గరతనంలో వినేవాడికి చిన్న యాంప్ చాలదనడం అతిశయోక్తే. శబ్దస్థాయిలు సరిగ్గా సమానం చేసి, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించినప్పుడు తేడా పట్టగలమని నిరూపించాల్సిన భారం, ఆ తేడా ఉందనేవాళ్ల మీదే ఉంటుంది. ఇంతవరకు అభ్యంతరాన్ని నేను మన్నిస్తాను. బ్లూ హవాయి ధరలో ఎంత వంతు చెవికి, ఎంత వంతు కంటికి చేరుతుందో ఎవరికి వారు తేల్చుకోవాలి.

మన్నించినంత మాత్రాన నా వాదన కుంటుపడదు, పైపెచ్చు బలపడుతుంది. రెండు యాంప్‌లు ఒకేలా వినిపించడం ఎలా సాధ్యమైంది? రెండూ ఒకే 580 వోల్టుల బయాస్ ఇస్తున్నాయి, ఒకే పొర దూరానికీ ఒకే కెపాసిటెన్స్‌కీ తయారయ్యాయి, ఒకే ప్లగ్గులోకి సిగ్నల్ పోస్తున్నాయి. యాంప్ చెయ్యాల్సిన పనిలో కష్టమైన భాగం 1982లోనే ఆ ప్లగ్గు రూపంలో పూర్తయిపోయింది. యాంప్ పట్టించుకోనక్కర్లేదు అనగలిగే సౌకర్యం ఆ ఒడంబడిక ఇచ్చిందే. దాన్ని తీసేస్తే ఆ మాట అనడం కుదరదు. 2016లో వచ్చిన సోనోమా మోడల్ వన్ చూడండి. ఇంగ్లండులోని వార్విక్ విశ్వవిద్యాలయంలో పుట్టిన సాంకేతికతతో చేసిన హెడ్‌ఫోన్ అది. రెండు పలకలకు బదులు ఒకటే పలక, బయాస్ 1,350 వోల్టులు, సొంత తీగ, సొంత యాంప్. దాన్ని స్టాక్స్ యాంప్‌కు కలపలేం. అలాంటప్పుడు ఆ హెడ్‌ఫోన్ మంచిదా, ఆ యాంప్ మంచిదా అన్న ప్రశ్నే పుట్టదు.

రెండో అభ్యంతరం కొత్తది. ప్లానార్ మాగ్నెటిక్ హెడ్‌ఫోన్లు వచ్చాక ఈ తలనొప్పి ఎందుకు? వాటిలోనూ పల్చని పొరే, దాని మీద తీగ అచ్చు వేసి అయస్కాంతాల మధ్య ఊపుతారు, మామూలు యాంప్‌తో నడుస్తాయి. 2010 ప్రాంతం నుంచి ఆడిజీ, హైఫైమాన్ లాంటి కంపెనీలు వాటితోనే పేరు తెచ్చుకున్నాయి. ఈ మాటలో న్యాయముంది, ఎలక్ట్రోస్టాటిక్ పోగొట్టుకున్న గిరాకీలో చాలా భాగం అటే వెళ్లింది. తీరా చూస్తే అదే కంపెనీలు వెనక్కి తిరిగి ఎలక్ట్రోస్టాటిక్ చేశాయి. హైఫైమాన్ 2016లో షాంగ్రి-లా పేరుతో హెడ్‌ఫోన్‌నూ యాంప్‌నూ కలిపి 50,000 డాలర్లకు పెట్టింది. ఆడిజీ 2021లో సీఆర్‌బీఎన్ తెచ్చింది. ఎంఆర్ఐ యంత్రంలో ఇనుము లేకుండా పనిచేసే హెడ్‌ఫోన్ల మీద జరిగిన పరిశోధన నుంచి పుట్టిన ఆ హెడ్‌ఫోన్ పొరలో కార్బన్ నానోట్యూబులున్నాయి. దాని తీగ చివర ప్లగ్గు స్టాక్స్‌దే. డాన్ క్లార్క్ కంపెనీ ఎలక్ట్రోస్టాటిక్‌లదీ అదే ప్లగ్గు. ధనవంతుల ఆటబొమ్మ అనేవాళ్లకు కాస్ చెప్పే జవాబు ఇంకోరకం. 1990లో వచ్చిన ఇఎస్‌పి/950ను, దాని యాంప్‌తో సహా, తర్వాతి కాలంలో ఇఎస్‌పి/95ఎక్స్ పేరుతో 500 డాలర్లకు అమ్మారు. దానికి కాస్ సొంత ప్లగ్గు ఉంది, యాంప్ పెట్టెలోనే వస్తుంది. కొనేవాడు జాబితాలు వెయ్యక్కర్లేదు. చౌకదాంట్లో, అత్యంత ఖరీదైనదాంట్లో జంట విడిపోలేదు, మధ్యలో ఉన్నవాటిలోనే విడిపోయింది. ఎందుకంటే తక్కువ ధరలో విడిగా అమ్మితే గిట్టదు, మరీ ఎక్కువ ధరలో తయారుచేసేవాడు తన ఖ్యాతిని పరాయివాడి యాంప్‌కు అప్పగించడు.

అత్యంత ఖరీదైనదాని ఉదాహరణ సెన్‌హైజర్ హెచ్‌ఇ 1. ఆర్ఫియస్ వారసుడిగా 2015లో ప్రకటించారు, అప్పటి ధర 50,000 యూరోలు. పాలరాతి పెట్టెలోంచి ఎనిమిది వాల్వులు పైకి లేవడం, మూత దానంతట అది తెరుచుకోవడం లాంటి నాటకీయత గురించే అందరూ రాశారు. నాకు ముఖ్యమనిపించేది చెవి దగ్గర జరిగిన పని. వోల్టేజీని పెంచే చివరి దశను బల్ల మీంచి తీసి ఇయర్‌కప్పులో పెట్టారు, ట్రాన్సిస్టర్లతో సహా. దీనివల్ల రెండు మూడు గజాల తీగ కెపాసిటెన్స్‌ను యాంప్ మొయ్యక్కర్లేదు. 110 పికోఫారడ్లలో తీగది కూడా కలిసి ఉందని ముందే చెప్పాను. ఆ భాగం పాట పాడదు, కరెంటు మాత్రం తింటుంది. 1928లో న్యూమన్ మైకులో వాల్వు పొర పక్కన ఎందుకు చేరిందో 2015లో ట్రాన్సిస్టర్ ఇయర్‌కప్పులోకి అందుకే చేరింది. జాన్ కాస్ 1968లో ట్రాన్స్‌ఫార్మర్‌ను కప్పులో పెట్టి ఓడిపోయిన చోటే ఇది గెలిచింది, ట్రాన్సిస్టర్ బరువు గ్రాముల్లో ఉంటుంది కాబట్టి.

అలాగైతే అందరూ ఆ దారి పట్టాలి కదా, ప్లగ్గు ఎందుకు చావలేదని అడగవచ్చు. ప్లగ్గు వేరే మేలు చేసింది. 1980ల నాటి ల్యామ్డా ప్రో సెకండ్ హ్యాండులో దొరికితే దాన్ని నిన్న కొన్న యాంప్‌కు తగిలించవచ్చు. కంపెనీ దివాలా తీసిన రోజుల్లో పాత యజమానుల హెడ్‌ఫోన్లు మూగబోకుండా కాపాడింది ఆ అయిదు పిన్నులే, అప్పట్లో కొన్న యాంప్‌కైనా ఇంకొకరు కట్టిన యాంప్‌కైనా అవి ఒప్పుకుంటాయి. జంటను కలిపేస్తే శబ్దం మెరుగవుతుంది కానీ ఒక సగం చెడితే రెండో సగం కూడా చెత్తబుట్టకే పోతుంది. స్టాక్స్ 2011 చివర్లో చైనాకు చెందిన ఎడిఫయర్ చేతికి వెళ్లింది. యజమాని మారాక కూడా ఈ విషయంలో పాత నిర్ణయమే సాగింది. 2021లో వచ్చిన వాళ్ల అత్యంత ఖరీదైన హెడ్‌ఫోన్ ఎస్‌ఆర్-ఎక్స్9000లో తీగను ఇయర్‌కప్పు వైపు ఊడదీసి మార్చుకునే ఏర్పాటు చేశారు. యాంప్ వైపు కొనకు మాత్రం 1982 నాటి అయిదు పిన్నులే ఉన్నాయి.